ఫంక్షన్ హాల్లో తెలుగు పెళ్లి ఫొటోలు: మొదటి సమావేశం నుంచి ఆల్బమ్ దాకా సమగ్ర మార్గదర్శి

హైదరాబాద్‌లో పెళ్లిళ్లు, ఇంటి వేడుకలు తీయాలనుకునేవారు మొదట అడిగేది ఏ కెమెరా కొనాలని. ఆ ప్రశ్నకు జవాబు ఐదో భాగంలో క్లుప్తంగానే ముగుస్తుంది. దానికంటే ముందు తెలుసుకోవలసింది ఆ ఇంట్లో ఎవరు ఎవరికి ఏమవుతారు, ఏ తంతు తర్వాత ఏ తంతు జరుగుతుంది అన్నది. ఈ వృత్తిలో వినవచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఫొటో మసకగా ఉందని కాదు. అమ్మమ్మ ఫొటో లేదని, మేనమామ ముఖం కనిపించలేదని.

అన్ని రకాల ఇబ్బందులూ ఒక్క రోజులోనే ఎదురయ్యే సందర్భం కనుక, నగరంలోని ఫంక్షన్ హాల్లో జరిగే తెలుగు హిందూ పెళ్లిని ఇక్కడ ఉదాహరణగా తీసుకున్నాను. బారసాల, ఓణీల వేడుక, పంచెల వేడుక, షష్టిపూర్తి వంటివాటికి ఇదే పద్ధతిని కుదించి వాడుకోవచ్చు. నిఖా తీయవలసి వచ్చినప్పుడు చాలా కుటుంబాల్లో ఆడవారి వైపు వేరుగా ఉంటుంది కనుక, అక్కడికి మహిళా ఫొటోగ్రాఫర్‌ను ముందే కుదుర్చుకోవాలి.

1. మొదటి సమావేశం: శుభలేఖలో ఉండని సంగతులు

శుభలేఖలో సుముహూర్తం సమయం ఉంటుంది కానీ, ఫొటోగ్రాఫర్ పని ఎప్పుడు మొదలవుతుందో ఉండదు. ముహూర్తం రాత్రి తొమ్మిదిన్నరకు ఉన్నా పెళ్లికూతురి ఇంట్లో హడావిడి ఆ రోజు ఉదయానికే మొదలవుతుంది, ఒక్కోసారి రెండు రోజుల ముందే. అందువల్ల మొదటి సమావేశంలో ప్యాకేజీ గురించి మాట్లాడే ముందు రోజంతా ఎలా సాగుతుందో వారి చేతనే చెప్పించుకోవాలి.

ఆచారాలు ప్రాంతాన్ని బట్టి, కులాన్ని బట్టి, ఇంటిని బట్టి మారతాయి. తెలంగాణ కుటుంబాల్లో మైలపోలు, ఎదురుకోళ్లు, ఒడిబియ్యం ముఖ్యమైన ఘట్టాలు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవారిలో పెళ్లికూతురిని చేయడం, స్నాతకం, కాశీయాత్ర గురించి ఎక్కువగా వింటాము. ఈ నగరంలో అబ్బాయి వరంగల్, అమ్మాయి భీమవరం కావడం మామూలే కనుక రెండు వైపుల వారినీ విడివిడిగా అడగాలి. ఇంటి పెద్దలు చెప్పిన క్రమాన్నీ పురోహితుడు చెప్పిన క్రమాన్నీ పక్కపక్కన రాసుకోండి. రెండింటికీ తేడా వస్తే మంటపంలో నిలిచేది పురోహితుడి మాటే.

మొదటి సమావేశంలో అడగవలసినవి:

- సుముహూర్తం సమయం, అంతకుముందు జరిగే తంతులు, వాటి స్థలాలు
- రెండు వైపుల పురోహితుల ఫోన్ నంబర్లు
- రిసెప్షన్ పెళ్లికి ముందా, తర్వాతా
- వీడియో, లైవ్, ఎల్‌ఈడీ స్క్రీన్ ఎవరు చూస్తున్నారు
- ఇతర దేశాల నుంచి వస్తున్నవారు, రాలేక లైవ్‌లో చూసేవారు
- ఫొటో తీయకూడని తంతు లేదా తీయించుకోవడం ఇష్టం లేని మనిషి ఎవరైనా ఉన్నారా

ఈ చివరి ప్రశ్న చాలామంది అడగరు. అడిగితే మాత్రం దాదాపు ప్రతి ఇంట్లోనూ ఒక జవాబు వస్తుంది.

2. ఒప్పందం: రాతలో ఉండవలసినవి

నోటిమాట మీద సాగే పెళ్లిళ్లు ఇప్పటికీ ఉన్నాయి. అయినా ఒక పేజీ ఒప్పందం రాసుకోవడం రెండు పక్షాలకూ మేలు. అందులో ఎంతమంది వస్తారు, ఎన్ని గంటలు ఉంటారు, ట్రెడిషనల్ (నిలబెట్టి తీసేవి), క్యాండిడ్ (తెలియకుండా సహజంగా తీసేవి) విడివిడిగా ఉంటాయా, ఆల్బమ్‌లో ఎన్ని షీట్లు, అడ్వాన్స్ ఎంత, మిగిలిన సొమ్ము ఎప్పుడు, ఎడిట్ చేయని రా ఫైళ్లు ఇస్తారా ఇవ్వరా అన్నవి స్పష్టంగా ఉండాలి. టీమ్ భోజనం సంగతి కూడా రాయండి, అందులో మొహమాటపడవలసింది ఏమీ లేదు.

హక్కుల విషయంలో చాలామంది ఫొటోగ్రాఫర్లు ఒక అపోహలో ఉన్నారు. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ప్రతిఫలం ఇచ్చి ఎవరైనా తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేనప్పుడు, తీయించుకున్నవారే మొదటి హక్కుదారులు. అంటే మీరు తీసిన పెళ్లి ఫొటోను మీ ఇన్‌స్టాగ్రామ్ పేజీలో పెట్టుకోవాలన్నా ఒప్పందంలో ఆ అనుమతి రాతపూర్వకంగా ఉండాలి. ఏ ఫొటోలు పెట్టవచ్చు, చిన్నపిల్లల ముఖాలు పెట్టవచ్చా అన్నది విడిగా అడిగి రాసుకోండి.

3. బంధువుల పట్టిక: అన్నింటికంటే ఎక్కువ సమయం ఇవ్వవలసిన పని

పెళ్లికి వారం ముందు ఒక కాగితం తీసుకుని, నిలువుగా రెండు భాగాలు చేసి, ఎడమవైపు అమ్మాయి తరఫు, కుడివైపు అబ్బాయి తరఫు బంధువులను రాయాలి. తాతయ్యలు, అమ్మమ్మ, నాయనమ్మలతో మొదలుపెట్టి, పెదనాన్నలు, బాబాయిలు, మేనత్తలు, మేనమామలు, పెద్దమ్మలు, పిన్నులు, ఆ తర్వాత అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు, బావలు, వదినలు, మరదళ్లు అన్న వరుసలో పేర్లు నింపాలి. ప్రతి పేరు పక్కన ఆ మనిషి పాత్ర ఉన్న తంతును రాయాలి. మేనమామ గంప ఎత్తుకొస్తాడు, బావమరిది కాశీయాత్రలో పెళ్లికొడుకును వెనక్కి తీసుకొస్తాడు, ఆడపడుచు హారతి పళ్లెం పట్టుకుంటుంది. ఇలా రాసుకున్నప్పుడు ఏ ఘట్టంలో ఎవరి ముఖం తప్పనిసరిగా దొరకాలో మీ కంటికి ముందే తెలుస్తుంది.

ఈ పట్టికను పెళ్లికూతురి తల్లిదండ్రులతో నింపించకండి, వారికి ఆ వారం తీరిక ఉండదు. ప్రతి ఇంట్లోనూ అందరి పేర్లూ, అందరి అలకలూ తెలిసిన ఒక పిన్ని గారో, బాబాయి గారో ఉంటారు. రెండు వైపుల నుంచీ అలాంటివారిని ఒక్కొక్కరిని ఎంచుకుని, పెళ్లి రోజు మనుషులను పిలిచి తెచ్చే బాధ్యత కూడా వారికే అప్పగించండి. ఫొటోగ్రాఫర్ మైకులో పిలిస్తే రానివారు బాబాయి గారు చెయ్యి పట్టుకుంటే వస్తారు.

కొన్ని సున్నితమైన సంగతులు ఇక్కడే తేలాలి. భర్తను కోల్పోయిన పెద్దావిడలు చాలా ఇళ్లలో ముహూర్తం వేళ మంటపానికి దూరంగా, వెనక వరుసలోనో గదిలోనో ఉండిపోతారు. ఆ ఆచారం మీద మీ అభిప్రాయం ఏదైనా కావచ్చు. ఆమె ఫొటో మాత్రం ఆల్బమ్‌లో ఉండి తీరాలి. కనుక ముస్తాబు జరిగే గదిలోనే, మనవరాలి పక్కన, కిటికీ వెలుగులో ఆమెను తీయండి. ఏళ్లు గడిచాక ఆ ఇంట్లో అందరూ వెతికే ఫొటో అదే అవుతుంది.

మాటలు లేని అన్నదమ్ములు, విడిపోయిన దంపతులు ఉంటే వారిని పక్కపక్కన నిలబడమని మీరు పిలవకూడదు. దివంగతులైన తండ్రి లేదా తల్లి చిత్రపటాన్ని గ్రూప్ ఫొటోలో ఉంచాలా అన్నదీ ముందే అడగాలి.

పట్టికలో గుర్తు పెట్టవలసినవి:

- నడవలేనివారు, త్వరగా అలసిపోయేవారు: వీరి ఫొటోలు హాలుకు రాగానే
- మధ్యలోనే వెళ్లిపోయేవారు: బస్సు, రైలు, విమానం సమయంతో సహా
- పసిపిల్లలు: నిద్ర, పాలు తాగే వేళలు
- కలిపి పిలవకూడని పేర్లు

4. హాలును ముందే చూసి రావడం

శంషాబాద్, కొంపల్లి, మేడ్చల్, నాగోల్ వైపు పెద్ద హాళ్లు ఒకదానికొకటి పోలినట్టు కనిపించినా, వెలుగు విషయంలో ఏ రెండూ ఒకటి కావు. వేరే పెళ్లి జరుగుతున్న రోజున, అదే వేళకు వెళ్లి, లైట్లన్నీ వెలిగి ఉండగా కొన్ని ఫొటోలు తీసి చూడాలి. ఖాళీ హాలును పగలు చూసి రావడం వల్ల పార్కింగ్ ఎక్కడో తెలుస్తుంది తప్ప మరేమీ తెలియదు.

సీలింగ్ తెల్లగా, తక్కువ ఎత్తులో ఉంటే ఫ్లాష్‌ను పైకి తిప్పి కొట్టవచ్చు. నల్లగానో, మరీ ఎత్తుగానో ఉంటే ఆ వెలుగు తిరిగి రాదు కనుక స్టాండు మీద సాఫ్ట్‌బాక్స్ (ఫ్లాష్ వెలుగును మెత్తబరిచే గుడ్డ పెట్టె) అవసరం. మంటపం స్తంభాలు, పూల దండలు ఎక్కడ అడ్డొస్తాయో డెకరేషన్ వారి డిజైన్ చూసి అడగాలి. ముందు భాగంలో వేలాడే పూలదండను ఒక అడుగు పైకి కట్టించమని అడిగితే సాధారణంగా ఒప్పుకుంటారు, అయితే దండ కట్టాక కాదు, ముందే అడగాలి. కరెంటు పోయి జనరేటర్ అందుకునే లోపు చీకటి ఎంతసేపు ఉంటుందో మేనేజర్‌ను అడిగి తెలుసుకోండి.

మంచి ముహూర్తం ఉన్న రోజున నగరంలో ఒకే సమయానికి ఎన్నో పెళ్లిళ్లు ఉంటాయి, ఔటర్ రింగ్ రోడ్డు దిగాక హాలు వరకూ వాహనాలు నిలిచిపోతాయి. కనుక టీమ్‌లో కనీసం ఒకరు సామగ్రితో పెళ్లివారికంటే ముందే హాలుకు చేరి ఉండాలి.

5. సామగ్రి

రెండు కెమెరా బాడీలు తప్పనిసరి. 24–70 ఎంఎం, 70–200 ఎంఎం లెన్సులు, రెండూ ఎఫ్ 2.8 (తక్కువ వెలుగులోనూ పనికొచ్చేంత వెడల్పుగా తెరుచుకునేవి), పెళ్లి పనిలో అత్యధిక భాగాన్ని పూర్తిచేస్తాయి. వాటికి తోడు 35 లేదా 85 ఎంఎం ప్రైమ్ (జూమ్ లేని లెన్స్) ఒకటి చాలు. రెండు కార్డు స్లాట్లు లేని బాడీతో డబ్బు తీసుకుని పెళ్లి తీయకూడదన్నది నా అభిప్రాయం. 24 మెగాపిక్సెల్ రా ఫైలు సుమారు 25 నుంచి 30 ఎంబీ ఉంటుంది. 64 జీబీ కార్డులో రెండు వేలకు అటూ ఇటూగా పడతాయి. దాన్ని బట్టి కార్డుల లెక్క వేసుకోండి.

బయలుదేరే ముందు రాత్రి:

- టీమ్‌లోని అన్ని కెమెరాల గడియారాలను సెకన్లతో సహా ఒకే సమయానికి పెట్టడం
- కార్డులను కెమెరాలోనే ఫార్మాట్ చేయడం, పాత ఫైళ్లు భద్రంగా ఉన్నాయని చూసిన తర్వాతే
- బ్యాటరీలు, ఫ్లాష్ సెల్స్, దూరంగా ఉన్న ఫ్లాష్‌ను వెలిగించే ట్రిగ్గర్లు, చిన్న స్టూలు
- సులభంగా విప్పుకునే చెప్పులు. మంటపం ఎక్కేటప్పుడు ప్రతిసారీ విప్పాలి, లేసుల బూట్లతో సమయం వృథా
- మంగళస్నానాల వేళ కెమెరాకు కప్పే ప్లాస్టిక్ తొడుగు, తుడిచే గుడ్డ

గడియారాల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది కానీ, ముగ్గురు తీసిన వేల ఫొటోలను ఒకే వరుసలో పేర్చేటప్పుడు దాని విలువ తెలుస్తుంది.

6. వెలుగు, రంగు సరిచూసుకోవడం

మన కరెంటు 50 హెర్ట్జ్. దానిమీద వెలిగే చాలా లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి, అది మన కంటికి తెలియదు. షట్టర్ వేగం దానితో పొసగనప్పుడు ఫొటోలో అడ్డచారలు వస్తాయి, లేదా ఒక ఫొటో వెలుగుగా మరొకటి చీకటిగా వస్తుంది. 1/50 లేదా 1/100 దగ్గర ఈ ఇబ్బంది తగ్గుతుంది. వేదిక వెనక ఉండే ఎల్‌ఈడీ వాల్ ఇంకో వేగంతో మినుకుతుంది కనుక, దానికి సరిపోయే షట్టర్‌ను అక్కడికక్కడ పరీక్షించి పట్టుకోవాలి. ఈ హాళ్లలో సైలెంట్ మోడ్‌లోని ఎలక్ట్రానిక్ షట్టర్‌ను వాడకపోవడం మేలు, చారలు దానితోనే ఎక్కువ.

వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో వదిలేస్తే పసుపు చీర కనిపించినప్పుడు ముఖం నీలంగా, నీలి తెర కనిపించినప్పుడు ముఖం పసుపుగా మారుతూ పోతుంది. మంటపం లైట్ల కింద ఒక తెల్ల కాగితాన్ని తీసి చూసి, కెల్విన్ విలువను (వెలుగు రంగును చెప్పే అంకెను) ఒక చోట స్థిరపరచి, అదే విలువను వీడియో వారితో సహా అందరూ పెట్టుకోవాలి. ఫ్లాష్ వెలుగు సుమారు 5500 కెల్విన్. మంటపం లైట్లు 3200 దగ్గర ఉంటే ఫ్లాష్‌కు ఆరెంజ్ జెల్ (రంగు ప్లాస్టిక్ పొర) తొడిగితేనే రెండూ కలుస్తాయి.

పెళ్లి బట్టలతో మరో చిక్కు ఉంది. మధుపర్కాలు తెల్లగా ఉండటం వల్ల కెమెరా మీటరు మోసపోయి ఫొటోను చీకటిగా తీస్తుంది. అరస్టాపు నుంచి ముప్పావు స్టాపు వరకు (ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు) ఎక్స్‌పోజర్ పెంచాలి. ఎర్రటి పట్టుచీర, కుంకుమ, పసుపు రాసిన చెంపల దగ్గర ఎరుపు చానల్ పొంగిపోయి చీర నేత కనిపించకుండా పోతుంది, అక్కడ కొంచెం తగ్గించాలి. మొత్తం హిస్టోగ్రామ్‌ను (వెలుగు ఎలా పడిందో కెమెరా చూపే గ్రాఫ్‌ను) కాక, మూడు రంగుల హిస్టోగ్రామ్‌ను చూస్తే ఈ తేడా తెలుస్తుంది.

డీజే లైట్ల గులాబీ, ఊదా రంగులు ముఖం మీద పడితే ఎడిటింగ్‌లో తీసివేయడం దాదాపు అసాధ్యం. ముహూర్తం వేళ ఆ లైట్లు ఆపించమని ముందే అబ్బాయి తండ్రి గారి చేత చెప్పించండి. ఫొటోగ్రాఫర్ మాట డీజే వారు వినకపోవచ్చు.

7. పెళ్లి రోజు: తంతుల వరుస, నిలబడే చోటు

ముస్తాబు. మంగళసూత్రాలు, మట్టెలు, మధుపర్కాలు, తమలపాకులో జీలకర్ర బెల్లం వంటివాటిని చేతులు మారకముందే తీయాలి. పుస్తెలను మీరు ముట్టుకోవద్దు, ఇంటి ముత్తైదువ చేతనే పళ్లెంలో పెట్టించండి. గదిలో లైట్లన్నీ ఆర్పి పెళ్లికూతురిని కిటికీ పక్కన కూర్చోబెడితే చాలు, వేరే ఏర్పాటు అక్కరలేదు.

గంపలో తీసుకురావడం. అందరి కెమెరాలూ పెళ్లికూతురి మీద ఉంటాయి, కానీ ఆ ఫొటో మేనమామది కూడా. వారి దారికి ఎదురుగా, వెనక్కి నడుస్తూ, ఇద్దరి ముఖాలూ ఒకే ఫ్రేములో పట్టాలి. ఆ దారిలో మెట్లు, వైర్లు ఎక్కడున్నాయో ముందే నడిచి చూసుకోండి.

కాళ్లు కడగడం, కన్యాదానం. ఇక్కడ కథ అమ్మాయి తల్లిదండ్రుల ముఖాల్లో ఉంటుంది. చేతుల దగ్గరి ఫొటోలు రెండు మూడు తీసి, మిగిలిన సమయమంతా వారి ముఖాలకు ఇవ్వండి.

జీలకర్ర బెల్లం. సుముహూర్తం ఇదే. పెళ్లికొడుకు, పెళ్లికూతురు ఎదురెదురుగా, మధ్యలో అడ్డుతెరతో కూర్చుంటారు. ఇద్దరూ ఒకరి తల మీద ఒకరు జీలకర్ర బెల్లం పెట్టిన తర్వాత తెర తొలగుతుంది. మొదటి ఫొటోగ్రాఫర్ మంటపానికి ఎదురుగా, తెర అంచుకు సూటిగా నిలబడితే ఇద్దరి పక్క ముఖాలూ, చేతులూ, తెరా ఒకే చిత్రంలో వస్తాయి. రెండో వ్యక్తి పెళ్లికొడుకు భుజం వెనక నుంచి, తెర దిగే క్షణంలో పెళ్లికూతురి కళ్ల మీద ఫోకస్ పెట్టి సిద్ధంగా ఉండాలి. ఆ చూపు మళ్లీ రాదు, రెండోసారి చేయించనూ కూడదు.

సమయం పసిగట్టడానికి గడియారం కంటే పురోహితుడు నయం. ముహూర్తానికి గంట ముందే ఆయనకు నమస్కరించి, మీరు నిలబడబోయే చోటు చూపించి, అడ్డు కాదు కదా అని అడగండి. ఆ కాస్త మర్యాదకు బదులుగా ఆయన మీకు కనుసైగ చేస్తారు. ఆయన చెయ్యి ఎత్తగానే నాదస్వరం, డోలు వారు గట్టిమేళం అందుకుంటారు. ఆ మోత విన్నాక కెమెరా ఎత్తితే ఆలస్యమైనట్టే, ఆయన చెయ్యి లేచేసరికే మీ వేలు షట్టర్ మీద ఉండాలి.

మాంగల్యధారణ. ఈ ఘట్టంలోనే ఎక్కువ ఫొటోలు పాడవుతాయి. అక్షింతలు వేయడానికి బంధువులందరూ మంటపం మీదికి వస్తారు, పెళ్లికూతురు తల వంచుకుని ఉంటుంది, పెళ్లికొడుకు చేతులు ఆమె మెడ వెనక ఉంటాయి. ఒకరు పక్కన చిన్న స్టూలు మీద నిలబడి పైనుంచి ముడులను, మరొకరు కింద హాల్లో 70–200 తో, తల వంచిన ముఖం కనిపించేంత తక్కువ ఎత్తు నుంచి తీయాలి. అక్షింతలు గాలిలో ఆగినట్టు కనిపించాలంటే షట్టర్ 1/250 ఉండాలి. అంతకంటే వేగానికి చాలా కెమెరాల్లో మామూలు ఫ్లాష్ పొసగదు. ఆ వేగంలో చారలు వస్తున్నాయని పరీక్షలో తేలితే వీడియో లైట్లు కాక మీ ఫ్లాష్‌నే ప్రధాన వెలుగు చేసుకోండి.

మంటపం మీద మీ టీమ్ నుంచి ఇద్దరికి మించి ఉండకూడదు. పెళ్లికి వచ్చినవారికి ఫొటోగ్రాఫర్ల వీపులే కనిపించాయన్న మాట ఈ నగరంలో ప్రతి హాల్లోనూ వినిపిస్తోంది, అది న్యాయమైన ఫిర్యాదే.

తలంబ్రాలు. బర్స్ట్ మోడ్ (ఆగకుండా వరుస ఫొటోలు తీయడం) వాడవలసింది ఇక్కడే. జంట మీద ఒక కెమెరా ఉంటే, రెండోది చుట్టూ నవ్వుతున్న బావలు, మరదళ్ల మీద ఉండాలి.

హోమం, సప్తపది. పొగలో కెమెరా మీది ఫ్లాష్ వెలిగితే ఫొటో అంతా తెల్లబారుతుంది. దాన్ని ఆపి, పక్కనుంచి వచ్చే వెలుగునే నమ్ముకోండి. బిందెలో ఉంగరం తీసే ఆటను పైనుంచి తీస్తే చేతులు, ఎదురుగా తీస్తే ముఖాలు వస్తాయి. రెండూ కావాలి.

అప్పగింతలు. ఫ్లాష్ ఆపండి, వెనక్కి తగ్గండి, పొడవు లెన్స్ వాడండి. ఇక్కడ ఎవరినీ ఇటు చూడమని అడగకూడదు.

8. గ్రూప్ ఫొటోలు: రిసెప్షన్ వేదిక మీద

ఒక్కో గ్రూప్‌కు రెండు నిమిషాలు పడుతుందనుకుంటే, ఇరవై ఐదు గ్రూపులకు యాభై నిమిషాలు కావాలి. భోజనాలు మొదలయ్యాక మనుషులు దొరకరు. కనుక కుటుంబాల గ్రూపులను అతిథుల వరుస మొదలయ్యే ముందే ముగించాలని మొదటి సమావేశంలోనే ఒప్పించుకోవాలి.

పెద్ద గ్రూప్‌తో మొదలుపెట్టి చిన్న గ్రూపులకు రావాలి. మొత్తం కుటుంబం, తర్వాత తండ్రి తరఫు, తర్వాత తల్లి తరఫు, తర్వాత అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు, చివరికి తల్లిదండ్రులతో జంట. ఈ వరుసలో ఒక్కో మెట్టుకూ కొందరు వేదిక దిగిపోతారు తప్ప ఎవరినీ మళ్లీ పిలవనక్కరలేదు. పెద్దవారిని కుర్చీల్లో ముందు వరుసలో కూర్చోబెట్టండి. పసిపిల్లలను అందరూ కుదురుకున్నాక, ఆఖరున పిలవండి.

సెట్టింగులు సులువే. రెండు వరుసలకు ఎఫ్ 5.6, మూడు వరుసలకు ఎఫ్ 8, షట్టర్ 1/100, లెన్స్ 35 నుంచి 50 ఎంఎం మధ్య. ఇంకా వెడల్పు లెన్స్ వాడితే చివర్లో నిలబడ్డవారు సాగిపోయి లావుగా కనిపిస్తారు, ఆ ఫొటోను వారు ఎప్పటికీ క్షమించరు. వరుసను కొద్దిగా వంపు తిప్పితే అందరూ కెమెరాకు సమాన దూరంలో ఉంటారు. లైటు ఒకవైపు నుంచే వస్తే ఒకరి నీడ పక్కవారి ముఖం మీద పడుతుంది. రెండు వైపులా ఎత్తుగా, సమానంగా పెట్టండి.

కళ్లు మూసిన ముఖాలే పెద్ద సమస్య. అందరినీ ఒక్కసారి కళ్లు మూసుకోమని, మూడు అనగానే తెరవమని చెప్పి వెంటనే తీయండి, గ్రూప్‌కు కనీసం నాలుగు ఫొటోలు తీయండి. చుట్టూ ఫోన్లు పట్టుకున్నవారు ఉంటే చూపులు తలో దిక్కుకు పోతాయి. వారిని కసరకుండా, "ముందు ఈ కెమెరా, తర్వాత మీ ఫోన్లకు అర నిమిషం ఇస్తాను బాబాయ్ గారూ" అని చెప్పి ఆ మాట నిలబెట్టుకుంటే రెండో గ్రూప్ నుంచి గొడవ ఉండదు.

ఆల్బమ్ 12 x 36 అంగుళాల షీట్లతో చేస్తారనుకుంటే, మధ్యలో మడత వస్తుంది. జంటను ఫ్రేముకు సరిగ్గా నడుమ పెట్టి తీసిన పెద్ద గ్రూప్ ఫొటోను షీటంతా పరిస్తే ఆ మడత ఒకరి ముఖం మీదుగా పోతుంది. కాబట్టి గ్రూప్‌కు పక్కన ఖాళీ వదిలి ఒక ఫొటో అదనంగా తీసి ఉంచండి.

9. ఇంట్లో, ఆరుబయట కుటుంబ ఫొటోలు

ఆరుబయట తీయాలంటే సూర్యోదయం తర్వాత మొదటి గంటన్నర ఉత్తమం. మే నెలలో ఆరు గంటలకు ముందే, జనవరిలో ఆరున్నర దాటాక ఇక్కడ ఎండ మొదలవుతుంది. పచ్చిక మీద కూర్చోబెడితే గడ్డి రంగు గడ్డాల కింద పడుతుంది, తెల్ల దుప్పటి పరిస్తే సరిపోతుంది.

గోల్కొండ కోట, చార్మినార్ భారత పురావస్తు సర్వే సంస్థ రక్షణలో ఉన్నాయి, కుతుబ్ షాహీ సమాధులను రాష్ట్ర వారసత్వ శాఖ చూస్తుంది, చౌమహల్లా ప్యాలెస్‌కు వేరే యాజమాన్యం ఉంది. ట్రైపాడ్, లైట్లతో తీయాలంటే ఎక్కడైనా ముందుగా అనుమతి తీసుకోవాలి. కుటుంబాన్ని ముస్తాబు చేసి గేటు దాకా తీసుకెళ్లి వెనక్కి తిరగడం కంటే ఒక ఫోన్ కాల్ నయం. డ్రోన్ వాడదలిస్తే 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం డిజిటల్ స్కై (డ్రోన్ల ప్రభుత్వ వెబ్‌సైట్) మ్యాప్‌లో ఆ చోటు ఏ రంగు జోన్‌లో ఉందో చూడండి. విమానాశ్రయాలు, వైమానిక స్థావరాలు ఉన్న శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్ చుట్టుపక్కల మరీ జాగ్రత్త అవసరం.

అపార్ట్‌మెంట్‌లో బారసాల అయితే ఊయలను కిటికీకి అడ్డంగా కాక పక్కగా కట్టించండి. పసివాడి కళ్ల మీద నేరుగా ఫ్లాష్ కొట్టకుండా తెల్ల గోడ వైపు తిప్పండి.

10. అక్కడికక్కడ వచ్చే ఇబ్బందులు, సర్దుబాట్లు

ముహూర్తం ముందుకు జరిగింది, రెండో ఫొటోగ్రాఫర్ ఇంకా దారిలో ఉన్నాడు: జీలకర్ర బెల్లానికి ఎదురుగా, మాంగల్యధారణకు పక్కన మీరే నిలబడండి. వీడియో వారిని రెండో కోణం తీసుకోమని అడగండి.

వీడియో లైట్లు కళ్లలో పొడుస్తున్నాయి: వాటిని ఎత్తుకు లేపి కిందికి వంచమనండి. ఒకసారి స్థిరపడ్డాక ఆ వెలుగునే ప్రధాన వెలుగుగా వాడుకుంటే గొడవ తగ్గుతుంది.

లైవ్ ఆగిపోతోంది: ఉదయం పది గంటల ముహూర్తం న్యూజెర్సీలో మేలుకొని చూసేవారికి అర్ధరాత్రి వేళ. నగరం శివారు హాళ్లలో ఒకే నెట్‌వర్క్‌ను నమ్మకుండా రెండు కంపెనీల సిమ్‌లు ఉంచుకోండి, పురోహితుడి మైకు శబ్దాన్ని నేరుగా తీసుకోండి.

11. కార్డులు, ఎంపిక, ఆల్బమ్

హాలు వదిలే ముందే నిండిన కార్డులను లెక్కపెట్టి ఒక డబ్బాలో వేసి, కెమెరా బ్యాగులో కాక జేబులో పెట్టుకోవాలి. అదే రాత్రి రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లోకి కాపీ చేసి, ఒకదాన్ని వేరే ఇంట్లో ఉంచాలి. ఆల్బమ్ అప్పగించే వరకు కార్డులను ఫార్మాట్ చేయకపోవడం మంచిది.

ఎంపికలో మొదట బంధువుల పట్టికను ముందు పెట్టుకుని, ప్రతి పేరుకూ ఒక మంచి ఫొటో దొరికిందా అని టిక్కు పెట్టండి. ఆ తర్వాతే అందమైన ఫొటోల వేట. కుటుంబానికి మూడు వేల ఫొటోలు ఇచ్చి ఆల్బమ్‌కు ఎంచుకోమంటే నెలలు గడిచిపోతాయి; మీరే వడపోసి, తంతుల వారీగా ఫోల్డర్లు చేసి, గడువు తేదీతో పంపండి.

చర్మం రంగు తెల్లబరచమని అడిగేవారు ఉంటారు. మచ్చలు, అలసట తగ్గించడం వరకు సరే. మనిషి రంగు మార్చితే పక్కన ఉన్న తల్లి, చెల్లి రంగుతో పొసగక ఆ గ్రూప్ ఫొటో అంతా అబద్ధంగా కనిపిస్తుంది. ఒకే ఫొటోను రెండు విధాలుగా చేసి పక్కపక్కన చూపిస్తే చాలామంది తమంతట తామే అసలు రంగును ఎంచుకుంటారు.

ప్రింటుకు పంపే ముందు:

- జంట పేర్లు, తేదీ అక్షరదోషాలు లేకుండా రెండు కుటుంబాల చేత చదివించడం
- ఏ షీటులోనూ మడత మీద ముఖం లేదని చూడడం
- రెండు వైపుల బంధువులకూ ఇంచుమించు సమానంగా షీట్లు ఉన్నాయని లెక్కపెట్టడం
- ఒక షీటును నమూనాగా ప్రింటు తీయించి పగటి వెలుగులో రంగు చూడడం
- తుది ఆమోదాన్ని వాట్సాప్‌లోనైనా రాతలో తీసుకోవడం

ఆల్బమ్‌తో పాటు ఎడిట్ చేసిన ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లో ఇచ్చి, మీ దగ్గర కాపీ ఎంతకాలం ఉంచుతారో రాసి సంతకం తీసుకోండి. ఏడాది అని రాస్తే, ఆ గడువు ముగిసే ముందు ఒకసారి ఫోన్ చేసి చెప్పిన తర్వాతే ఫైళ్లు తొలగించండి.